మొలకల గది గడప దగ్గర

వెనకింటి అత్త పోయింది. ఆ రోజు నేనింకా వాకిట్లో కళ్ళాపి కూడా చల్లలేదు. ఆమె కోడలు దొడ్డి గోడ మీదుగా పిలిచి, మా అత్త ఎంత లేపినా లేవడం లేదు, ఒకసారి రా అక్కా అన్నది. వెళ్ళి చూస్తే గోడ వైపు తిరిగి, కుడిచేయి చెంప కింద పెట్టుకుని పడుకుని ఉంది. ఆ చేయి పట్టుకుంటే చల్లగా తగిలింది. నాకు ముందు ఏడుపు రాలేదు. ఇక ఈమెకు చెప్పే వీలు లేదు అన్న ఆలోచన వచ్చింది. ఆ తర్వాతే ఏడ్చాను. జరిగిన వరసలోనే రాస్తున్నాను. ఆమె గురించి రాస్తూ నన్ను నేను మంచిదానిగా చూపించుకుంటే అంతకంటే సిగ్గుమాలిన పని ఉండదు.

చెప్పాల్సింది ఏమిటో దానికి వస్తాను. ముందు ఆమె ఎవరో తెలియాలి.

ఆమె నాకు బంధువు కాదు. ఇంటిపేరు వేరు. నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, రెండు దొడ్ల మధ్య ఉన్న పొట్టి గోడ మీద నుంచి తొంగిచూసి, "ఏం అమ్మాయ్, మీ అత్త ఉప్పు యాడ దాచిపెట్టిందో తెలిసిందా?" అని అడిగింది. నిజంగానే నేను పొద్దుటి నుంచి ఉప్పు వెతుక్కుంటున్నాను. అడగడానికి మొహమాటం. ఆ పూట ఆమె ఇచ్చిన గుప్పెడు ఉప్పుతో పప్పు వండాను. అప్పటి నుంచి ఆమె నాకు అత్త.

మా ఊరు మార్కాపురం నుంచి కంభం పోయే రోడ్డుకు లోపలగా ఉంటుంది. చాలా ఇళ్ళకు గొర్రెలే ఆధారం. వానలు లేని ఏడు మగవాళ్ళు మందల్ని తోలుకుని దోర్నాల మీదుగా అడవి అంచులకు వెళ్తారు. అక్కడ చెక్‌పోస్టు వాళ్ళతో బతిమాలుకోవడమో పోట్లాడుకోవడమో వాళ్ళ పని. అంత దూరం నడవలేని చూలు గొర్రెలూ చిన్న పిల్లలూ ఇళ్ళ దగ్గర ఉండిపోతాయి. వాటి కడుపు నింపడం ఆడవాళ్ళ పని. రాష్ట్రం రెండైన మరుసటి ఏడు అలాంటిదే వచ్చింది. టీవీలో కొత్త రాజధాని బొమ్మలు పచ్చపచ్చగా చూపిస్తుంటే మా ఊళ్ళో గొర్రె నోట పెట్టడానికి పచ్చ పరక లేదు.

అప్పుడు మా ఆడవాళ్ళ పొదుపు సంఘానికి మొలకగడ్డి యూనిట్ ఇచ్చారు. మట్టి లేకుండా, ఉత్త నీళ్ళతో, గదిలోపలే గడ్డి పెంచడం. మొక్కజొన్నలు ఒకరోజు నానబెట్టి, మరో రోజు తడి గోతంలో కట్టి, మొలక కన్ను రాగానే అడుగున చిల్లులున్న ట్రేలలో పరవాలి. అరల మీద ట్రేలు, పైన సన్నటి పైపులు. టైమరు ప్రకారం రెండు గంటలకోసారి తుంపర పడుతుంది. ఎనిమిదో నాటికి పైన పచ్చగడ్డి, కింద వేళ్ళు అల్లుకుని చాపలాగా లేస్తుంది. ఆ చాప గొర్రె ముందు వేస్తే వేళ్ళతో సహా తింటుంది. మా మామ రాతి పలకల పని చేసిన రోజుల్లో కట్టించిన గోడౌను మా ఇంటి పక్కనే ఖాళీగా ఉంది. రాతి గోడలు, ఊళ్ళో అంతకంటే చల్లని గది లేదు. కాస్త చదువుకున్నదాన్నని నన్ను సంఘం లీడరు చేశారు. ఒంగోలులో ఒకరోజు శిక్షణకు వెళ్ళి, గోడకు తగిలించే ఉష్ణమాపకమూ ఒక కాగితమూ తెచ్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు పొద్దస్తమానం ఆ గదిలోనే ఉండేదాన్ని.

మొదటి నెలంతా నా ట్రేలు చూసి నాకే నవ్వొచ్చేది. పై అరలో మొలకలు సన్నగా జానెడు సాగి వాలిపోయేవి. కింది అరలో బెత్తెడైనా లేచేవి కావు. ఒకే ట్రేలో కూడా అంచుల్లో ఎండిపోయేది, నడుమ మగ్గిపోయేది. పొట్టివి పొడుగు వాటి నీడలో పడి కుళ్ళేవి. కుళ్ళిన గింజ దగ్గర బూజు మొదలయ్యేది. పంచేటప్పుడు మరో తంటా. పది ఇళ్ళ వాళ్ళం, అందరికీ ఒక్క తీరు చాప రావాలి. ఆమెకు ఒత్తుగా వచ్చింది, నాకు పలచగా వచ్చింది అని రోజూ గొడవ.

అత్తకు రెండు గొర్రెలు ఉండేవి. తన వంతు తీసుకోవడానికి వచ్చి ఒకరోజు గదిలో ట్రే ముందు ఆగిపోయింది. "ఇదేంది అమ్మాయ్, ఒక తల్లి బిడ్డలు ఇట్ల ఎగుడుదిగుడుగా ఉండారే?" అన్నది. నేను గోడమీది ఉష్ణమాపకం చూపించి, వేడి సరిగ్గానే ఉందనీ, విత్తనంలోనే లోపమనీ చెప్పాను. తాతకు దగ్గులు నేర్పడం అంటే అదే. ఆమె ట్రే అడుగుకు అరచేయి ఆనించింది. తర్వాత నా చేయి పట్టుకుని అక్కడే ఆనించింది. వెచ్చగా, జ్వరం ఒంటిలా కాలుతోంది. "నీ మిషను గోడ జొరం చూస్తాండాది. మొలక జొరం చూడలేదు" అన్నది.

మొలకెత్తే గింజ తనంతట తాను వేడి పుట్టిస్తుందని మాకు ఒంగోలులో చెప్పారు. కాగితంలో కూడా రాసి ఉంది. నేను దాన్ని చదివాను, అంతే.

ఆ మర్నాటి నుంచి ఆమె గదిలోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. ఈ విద్య ఆమెకు పెళ్ళి పాలికల దగ్గర అబ్బింది. తన భర్త ఉన్న రోజుల్లో మా వీధిలో ఏ పెళ్ళి జరిగినా మట్టి పాలికల్లో నవధాన్యాలు చల్లి మొలకలు తెప్పించే పని ఆమెదేనట. అవి ఒక్క ఎత్తున లేవాలి. ఎగుడుదిగుడు వస్తే పెళ్ళివాళ్ళ మొహాలు మాడిపోతాయి. ఆయన పోయాక ఎవరూ పిలవలేదు, ఆమె కూడా పోలేదు. ఇరవై ఏళ్ళుగా ఆ చేతికి పని లేదు.

ఆమె చేసినవన్నీ చిన్న పనులే. నానిన గింజల్లో తేలినవి ఒక్కటి కూడా మిగలకుండా తీసిపారేసేది. "తేలింది చచ్చిందని లెక్క. దాన్ని బతికినోళ్ళ మధ్యన పడుకోబెట్టొద్దు" అనేది. గింజను ట్రేలో వేలిగోరు పొడవంత మందం మించి పరవనిచ్చేది కాదు. పై అర ట్రేలను ఒకరోజు కిందికీ, కింది వాటిని పైకీ మార్చేది. కిటికీ వైపు వంగిన ట్రేను వెనక్కి తిప్పిపెట్టేది. గాలి ఎటునుంచి వస్తే అటు కిటికీకి తడి గోనెపట్ట కట్టి, ఎదురుగా ఉన్న పై కిటికీ మాత్రం తెరిచి ఉంచేది. వచ్చిన గాలికి పోయే దారి ఉండాలన్నది ఆమె పట్టు. చీపురుపుల్ల ఒకటి బొటనవేలి గోటితో గాటు పెట్టి కొప్పులో దోపుకునేది. ట్రే నడుమ ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు ఆ పుల్ల నిలబెట్టి చూసేది. అన్నిచోట్లా గాటు దగ్గరికి వస్తేనే ఆ ట్రే పాసైనట్టు. మూడు వారాలు తిరిగేసరికి పది ఇళ్ళ చాపలూ ఒక్క చేత అల్లినట్టు వచ్చాయి. గొడవలు ఆగిపోయాయి. యూనిట్ ఇచ్చిన ఆఫీసు నుంచి వచ్చినాయన ఫొటోలు తీసుకుని, ఏ పద్ధతి పాటిస్తున్నారమ్మా అని నన్ను అడిగాడు. శిక్షణలో చెప్పిందేనండీ అన్నాను. అత్త పక్కనే నిలబడి తలాడించింది. నిజం దాచే గుణం అప్పటికే నాలో ఉందని చెప్పడానికే ఈ సంగతి రాశాను.

నాకు ఎన్నిసార్లు చెప్పినా పట్టుబడనిది ఒకటుంది. లేత వేళ్ళకు తెల్లటి నూగు ఉంటుంది. బూజు కూడా మొదట్లో తెల్లటి నూగులానే ఉంటుంది. ఏది ఏదో కంటికి తెలియదు. అత్త చేత్తో నాలుగు చుక్కలు చల్లి చూపించింది. "వేరు నూగైతే నీళ్ళు పడంగానే పడుకుంటాది. బూజైతే నీళ్ళను నెత్తిన పెట్టుకుని అట్లనే నిలబడతాది. అనుమానం వస్తే చల్లి చూడు. చూసినంక అబద్ధం ఆడొద్దు." చివరి మాట ఎందుకన్నదో అప్పుడు నేను అడగలేదు.

పాలికల నియమాలన్నీ ఆమె ఆ గదికి కూడా తెచ్చింది. చెప్పులతో రాకూడదు, కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా రాకూడదు. తమాషా ఏమంటే నా కాగితంలో కూడా ఇవే ఉన్నాయి, మాటలు వేరు. బయటి మురికితో పాటు బూజు లోపలికి వస్తుందని వాళ్ళు రాశారు, లక్ష్మి ఉన్నచోట మురికేంది అని ఈమె అనేది. ఒక్క దగ్గర మాత్రం రెండూ కలవలేదు. మైల ఉన్నవాళ్ళు పాలికల వైపు చూడను కూడా చూడకూడదట. ఆ మాట నా కాగితంలో లేదు. నేను దాన్ని పట్టించుకోలేదు.

ఆ ఎండాకాలం నడిమధ్యలో అత్త వాళ్ళ దాయాదుల ఇంట్లో పెద్దాయన పోయాడు. పదకొండు దినాలు మైల. ఆమె గడప బయట నిలబడి, "ఈ దినాలు నువ్వే చూసుకో అమ్మాయ్, పై కిటికీ మాత్రం మూయొద్దు" అని చెప్పి వెళ్ళిపోయింది.

నేను మూశాను. ఎండ మండిపోతోంది, గోడమీది ఉష్ణమాపకం కాగితంలో రాసిన అంకె దాటిపోయింది. దాన్ని కిందికి దించాలని రెండు కిటికీలకూ తడి గోనెపట్టలు బిగించి, పై కిటికీ మూసి, తుంపర గంటకోసారి పడేట్టు టైమరు తిప్పాను. అంకె దిగింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. గదిలో గాలి ఆగిపోయిందని, తడి ఎక్కడిదక్కడ నిలిచిపోయిందని నాకు తట్టలేదు. అత్త లేకుండా కూడా నేను చేయగలనని ఊరికి చూపించాలనుకున్నాను. అసలు సంగతి అది.

గురువారం పొద్దున, మర్నాడు పంచాల్సిన ట్రేల నడుమ తెల్లటి నూగు కనిపించింది. వేరు నూగే అనుకున్నాను. అనుకోలేదు, అనుకోవాలనుకున్నాను. చెంబులో నీళ్ళు చేతికి అందేంత దూరంలో ఉన్నాయి. చల్లలేదు. చల్లితే తెలిసిపోతుంది, తెలిస్తే ఆ రోజు ట్రేలన్నీ పారబోయాలి, పది ఇళ్ళకూ జవాబు చెప్పాలి.

శుక్రవారం పొద్దున్నే మా పాపకు జ్వరమని మార్కాపురం ఆసుపత్రికి వెళ్ళాను. మధ్యాహ్నానికి తిరిగొచ్చి పంచవచ్చనుకున్నాను. నేను లేనప్పుడు కరెంటు పోయింది. తుంపర ఆగిపోయింది. అత్త తన దొడ్లో నుంచి తుంపర చప్పుడు కోసం వింటూ ఉందట. రెండు గంటలు చూసింది, మూడు గంటలు చూసింది. ఎవరూ రాలేదు. ఇక ఉండబట్టలేక మైలతోనే గదిలోకి వెళ్ళి, బిందెతో నీళ్ళు తెచ్చి, ట్రే ట్రేకూ చేత్తో చిలకరించి వచ్చింది. లోపల చీకటి. ఏమీ చూడకుండా, తల వంచుకుని, చూడకూడనిదాన్ని అనుకుంటూ చల్లిందట. ఎదురింటి ఆమె చూసింది.

నేను వచ్చి చాపలు పంచాను. ఆదివారానికల్లా గొర్రెలు మేత ముట్టడం మానేశాయి. ఆ వారంలో నాలుగు చూలు గొర్రెలు ఈసుకుపోయాయి. నెలలు నిండని పిల్లలు, ఒంటిమీద ఊలు కూడా సరిగా రాలేదు. అందులో రెండు తల్లులు కూడా చచ్చిపోయాయి. ఒకటి అత్తదే. పశువుల డాక్టరు వచ్చి మిగిలిన చాప వాసన చూసి, బూజు పట్టిన మేత పెట్టారని తేల్చాడు.

సాయంత్రం గోడౌను ముందు అందరూ చేరారు. ఎలా వచ్చింది బూజు అన్నదే మాట. ఎదురింటి ఆమె తను చూసింది చెప్పింది, చాడీ చెప్పినట్టు కాదు, భయపడుతూ చెప్పింది. అంతా అత్త వైపు తిరిగారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు నోరు వచ్చేదేమో. ఆమె కొంగు రెండు చేతులతో పట్టుకుని ముందుకు వచ్చి, "నేనే చేసినా. ఎండిపోతాయని మైలతో అడుగుపెట్టినా. కడుపులో బిడ్డలను చంపినా" అన్నది.

ఆమె గదిలోకి వెళ్ళింది శుక్రవారం. నేను బూజు చూసింది గురువారం. ఈ రెండు వాక్యాలు అప్పుడు నా నాలుక మీద ఉన్నాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మా సొంత అత్తగారు అక్కడే ఉన్నారు, సంఘం వాళ్ళంతా ఉన్నారు. నా లీడరు పదవి పోతుందని భయం. నాలుగు ఇళ్ళ ఉసురు నాకు తగులుతుందని భయం. ఎలాగూ ఆమె ఒప్పుకుంది, ఎవరూ ఏమీ అనడం లేదు, ఇక్కడితో పోతుందిలే అనుకున్నాను. అందరూ చెదిరిపోయాక కూడా ఆమె అక్కడే కూర్చుని ఉంది. నేను ఇంట్లోకి వెళ్ళి పొయ్యి ముట్టించాను.

ఆ రోజు నుంచి అత్త మొలకల గది గడప దాటలేదు. మైల తీరినా రాలేదు, ఏడాది తిరిగినా రాలేదు. రోజూ పొద్దున వచ్చి గడప బయట నిలబడేది. లోపలి నుంచి వచ్చే గాలి ముక్కుతో పట్టి, మూడో అర ఎడమ పక్క మగ్గుతోంది చూడు అనేది. చూస్తే మగ్గుతూ ఉండేది. అరచేయి ఆనించి చూడు అనేది. నేను ఆనించి వెచ్చన అనో చల్లన అనో చెప్పేదాన్ని. చీపురుపుల్ల నా చేతికి ఇచ్చింది. నేను నిలబెట్టి చూస్తే ఒక మూల గాటుకు అందేది, ఇంకో మూల అందేది కాదు. లోపలికి రా అత్తా, ఏం కాదు అని ఎన్నిసార్లో పిలిచాను. ఏం కాదని ఎలా తెలుసో మాత్రం చెప్పలేదు. ఆమె చిన్నగా నవ్వి, "నా చేయి మంచిది గాదులే" అనేది. ఇరవై ఏళ్ళ తర్వాత పని దొరికిన చేయి అది. దాన్ని నేను మళ్ళీ ఖాళీ చేశాను.

చెప్పాలని మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఇంట్లో చుట్టాలున్నారు. రెండోసారి ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ నన్ను కూడా కూర్చోబెట్టింది, ఇద్దరం చేట నిండా ఏరాము, నేను లేచి వచ్చేశాను. మూడోసారి మాత్రం మొదలుపెట్టాను. అత్తా, ఆ శుక్రవారం అన్నాను. ఆమె చేయెత్తి ఆపింది. "ఇడిసిపెట్టు అమ్మాయ్. తప్పు ఎవరిదో తెలియకపోతే మనిషికి నిద్ర రాదు. నాకు తెలిసింది, నిద్ర పడతాండాది" అన్నది. ఆ మాట నేను పట్టుకుని వేలాడాను. ఆమె నిద్ర చెడగొట్టకపోవడమే మంచిదని నాకు నేను చెప్పుకున్నాను. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకోవడం ఎంత తేలికో.

ఆమె పోయిన మర్నాడు కూడా ట్రేలు తిప్పక తప్పదు కాబట్టి గదిలోకి వెళ్ళాను. టైమరు టిక్కుమని తుంపర మొదలవగానే వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. తిరిగి చూస్తే గడప అవతల ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె పాదాలు నిలిచే చోట మెత్తటి దుమ్ములో పల్లం పడి ఉంది. నేను దాన్ని తొక్కకుండా పక్కనుంచి దాటుతున్నాను. ట్రే అడుగున అరచేయి ఆనించినప్పుడల్లా, నా చేయి పక్కన ఇంకో చేయి ఆనినట్టు ఉంటుంది. ఎట్లుండాది అని గొంతు వినిపిస్తుంది. వెచ్చన అత్తా, అని పైకే అంటున్నాను. మా పాప విని, ఎవరితో మాట్లాడుతున్నావమ్మా అని అడిగింది.

తొమ్మిదో నాడు వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు ఒక్కతే ఉంది. పెద్దకర్మకు కావాల్సిన సామాన్ల గురించి నాలుగు మాటలు అయ్యాక, నీకొకటి చూపించాలి అక్కా అని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. ఆ గదికి కిటికీ లేదు. మూలన ఒక వెదురు గంప బోర్లించి ఉంది. పక్కన చెంబుతో నీళ్ళు.

కోడలు చెప్పింది ఇదీ. గొర్రెలు చచ్చిన నెల నుంచి అత్త ప్రతి నెలా ఒక స్టీలు పళ్ళెంలో గుప్పెడు మొక్కజొన్నలు మొలక కట్టి ఈ గంప కింద పెట్టేదట. మన గోడౌనులో పోసే గింజలే. ఎనిమిది దినాలు పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లి, ముఖం దగ్గరగా పెట్టి చూసేదట. బూజు రాలేదు. ఎప్పుడూ రాలేదు. ఈసారి రాలేదు అని గొర్రెకు వేసేసి, వచ్చే నెల మళ్ళీ పోసేదట. ఇన్నిసార్లు రాలేదు గదా అత్తా, ఇంకా ఎందుకు అని కోడలు విసుక్కుంటే ఆమె అన్న మాట కోడలికి గుర్తుంది. "మైల లేనప్పుడు రాకపోతే ఏం తెలుస్తాది? మైల దినాల్లో పోస్తేగాని తెలియదు. అట్ల పొయ్యకూడదు గదా."

నిద్ర పడుతోందని నాతో చెప్పిన మనిషి ఏడాదిన్నర పాటు గంప ఎత్తి చూసుకుంటూనే ఉంది.

"పోయే ముందురోజు సాయంత్రం పరిచింది అక్కా. ఆమె పోయినాది, ఇది అట్లనే ఉండాది. మైల ఇల్లు, తాకొచ్చో లేదో నాకు తెలియదు. ఎండబెట్టడానికి చేతులు రాలేదు. ఈ తొమ్మిది దినాలు నేనే నీళ్ళు చల్లినా" అన్నది కోడలు. అని గంప ఎత్తింది.

నేను కింద కూర్చున్నాను. చావు ఇల్లు. చనిపోయిన మనిషి పరిచిన గింజలు, మైల చేతులు పోసిన నీళ్ళు. వేళ్ళ మీద తెల్లటి నూగు ఉంది. చెంబులో చేయి ముంచి చల్లాను. నూగంతా పడుకుంది. పక్కకు జరిగి ఇంకోచోట చల్లాను, అక్కడా పడుకుంది. పళ్ళెం ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. పచ్చి మొక్కజొన్నపాల వాసన, అంతే. ఆమె ఏడాదిన్నరగా చేయలేకపోయిన పరీక్ష ఆమె చావుతో పూర్తయింది. చూడాల్సిన మనిషి లేదు.

అప్పుడు కోడలికి అంతా చెప్పాను. గురువారం, చెంబు, నేను చల్లకుండా వదిలేసిన నీళ్ళు, అన్నీ. ఆమె అడ్డు రాకుండా వింది. ముఖంలో కోపం కోసం చూశాను, కోపం వస్తే కొంచెం ఊరట కలిగేది. ఆమె పళ్ళెం వైపే చూస్తూ, "ఇది నాకు చెప్తాండావేంది అక్కా?" అన్నది.

పెద్దకర్మ నాడు పది ఇళ్ళ వాళ్ళూ ఉండగా గోడౌను ముందు నిలబడి ఇదే చెప్పాను. కొందరు నమ్మలేదు, కొందరు నాతో మాట్లాడటం మానేశారు. లీడరు పని వేరేవాళ్ళకు ఇచ్చారు. అది న్యాయమే. ఇక్కడ రాస్తున్నది మాత్రం ఆమె చేయి మంచిదని తెలియనివాళ్ళు ఎక్కడా మిగలకూడదని.

ఆ తొమ్మిదో నాటి పళ్ళెం నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. కోడలు ఓరగా ఉన్న గది తలుపు పూర్తిగా తీయబోయి ఆగింది. తలుపు సందులోంచి వచ్చిన సన్నటి వెలుగు పళ్ళెం మీద పడింది. చీకట్లో పెరిగిన మొలకలు పసుపు రంగులో, గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి. నేను చల్లిన నీళ్ళు కింద వేళ్ళలోకి ఇంకిపోయాయి. అయినా ప్రతి మొలక కొసనా ఒక నీటిబొట్టు ఉంది, లోపలినుంచి ఊరి వచ్చినట్టు. అన్ని బొట్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి. మేమిద్దరం ఊపిరి గట్టిగా వదిలితే రాలిపోతాయేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నాము.